చిర్ర పట్టిన చేతికి నేనే కాపలా

నేను ఒక నాడీకణాన్ని. డప్పు నర్సింలు తలలో ఉంటాను. నాకు వచ్చిన మాట ఒక్కటే, "ఆగు."

తల్లి కడుపులో ఉన్నప్పుడు నేనూ పొరుగు కణాలను ఎగదోసేదాన్నే. పుట్టే వేళకు బుద్ధి మారి ఈ కాపలా పనిలో కుదురుకున్నాను. నా పైనున్న గుంపు "కొట్టు" అని అరుస్తుంది. కింది గుంపు ఆ అరుపును చేతికి పంపుతుంది. అందరూ ఒక్కసారే అరిస్తే చేతికేం అర్థమవుతుంది? అందుకే కొందరి నోరు నొక్కుతాను, కొందరిని వదులుతాను, వదిలినవాళ్లనూ మరుక్షణం ఆపేస్తాను. నర్సింలు కుడిచేతిలోని చిర్ర, అంటే డప్పు కొట్టే లావుపాటి కర్ర, తోలు మీద పడగానే పైకి లేచేది నా వల్లే. అక్కడే ఆగిపోతే డప్పు మోగదు. ఊళ్లో మెప్పంతా ఆ చేతికే, నా ఊసెత్తినవాడు లేడు.

ఒకసారి పొలంనీళ్ల తగాదాలో ఎవడో దుడ్డుకర్రతో నర్సింలు తల పగలగొట్టాడు. నా తోటి కాపలావాళ్లు చాలామంది అక్కడికక్కడే చచ్చారు. ఆపేవాళ్లు తగ్గేసరికి మూర్ఛ మొదలైంది. డాక్టరమ్మ రాసిచ్చిన మాత్ర లోపలికొస్తే నా గొంతుకు బలం వచ్చేది. దాంతో ఏళ్ల తరబడి గండం లేకుండా గడిచింది.

ఆ ఏడు శివరాత్రి వచ్చింది. మాత్ర అన్నం తిన్నాక వేసుకునేది, ఒక్కపొద్దు నాడు అన్నమే లేనప్పుడు మాత్రెందుకన్నాడు నర్సింలు. భార్య బాలమణి ఎంత బతిమాలినా వినలేదు. పైగా జాగారం. మాత్ర లేక, నిద్ర లేక నా గొంతు పూడుకుపోయింది.

తెల్లవారి ఊరేగింపు కోసం గడ్డి మంట వేసి డప్పు కాచుకుంటున్నాడు. అప్పుడు తలలో ఒక మూల గుంపు అరిచింది. ఆగమన్నాను. నన్ను తొక్కుకుంటూ పోయింది. పక్క గుంపు అందుకుంది, దాని పక్కది అందుకుంది. తలంతా ఒకటే అరుపు. దవడలు బిగిసి నాలుక తెగింది. ఒళ్లు నేలకేసి కొట్టుకుంది. చిర్ర పట్టిన చెయ్యి నిప్పుల్లో పడింది, దాని మీద డప్పు బోర్లా పడి కప్పేసింది.

జనం తాళాల గుత్తి కోసం పరుగెత్తారు. చేతిలో ఇనుము పెడితే మూర్ఛ దిగుతుందని వాళ్ల నమ్మకం. ఎడమ పిడికిలి విప్పి, చర్మం చీరుకుపోయేలా తాళాలు కుక్కారు. డప్పు కింద ఏం కాలుతోందో ఒక్కరూ చూడలేదు. వాళ్ల మీద నాకిప్పటికీ కోపమే.

బాలమణి కాలుతున్న వాసన పసిగట్టింది. డప్పును కాలితో తన్నేసింది.

"తాళాలు గాదు, చెయ్యి కాల్తున్నది. గుంజుండ్రి."

పుండు మానేసరికి ఆ వేళ్లు అరచేతికి అతుక్కుపోయాయి.

మళ్లీ శివరాత్రి వచ్చింది. బాలమణి మాత్ర, నీళ్లు తెచ్చి ముందు పెట్టింది.

"శివుడు అడిగితె నా పేరు చెప్పు. మింగు."

నర్సింలు మింగాడు. తెల్లవారి వాకిటి ముందు నుంచి ఊరేగింపు పోతోంది, వేరేవాళ్లు డప్పు కొడుతున్నారు. తలలో పై గుంపు పాత అలవాటు కొద్దీ "కొట్టు" అని అరిచింది. బతుకంతా ఆ చేతిని ఆపిన నేను, ఈసారి నోరు మూసుకుని దారి వదిలాను. అయినా వేళ్లు కదల్లేదు.