హాల్లో ఫ్రిజ్, సీసాలో ఆల్బుమిన్

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: ఆండాళ్ళమ్మ గారు, ఆవిడ కొడుకు వరదాచార్యులు, కోడలు తాయారు, కోడలు పనిచేసే కాలేజీ నుంచి కారులో వచ్చిన ప్రొఫెసర్ దక్షిణామూర్తి గారు. వీళ్ళు కాక, ఎవరి ఒంట్లోంచి వచ్చిందో ఎవరికీ తెలియని కాస్త రక్తం, అదీ ఎరుపు తీసేసిన రక్తం, ఒక సీసాలో. నన్నెవరూ లెక్కలో వేసుకోలేదు. నేను ఒక ఫ్రిజ్‌ని.

ఇప్పుడు పాత ఇనప సామాన్ల కొట్లో ఉన్నాను. కొట్టువాడు నాలో మేకులు, నట్లు దాచుకుంటాడు. అవి చల్లగా ఉన్నాయో లేదో ఎవరూ అడగరు కాబట్టి నా ఉద్యోగ జీవితంలో నింద పడని కాలం ఇదే.

పుట్టింది ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో. పొట్టలో దీపం పెట్టి, తలుపు వేయగానే అది ఆరిపోయేలా ఏర్పాటు చేశారు. మొదట నన్ను కొన్నది రాజమండ్రిలో ఒక డాక్టరు గారు. ఇంజెక్షన్లు పెట్టడానికని కొని సోడాలు పెట్టుకున్నారు. తరవాత ఒక కూల్‌డ్రింకు కొట్టు. ఆ కొట్టాయన నేను చెడిపోయి మూలుగుతున్న రోజున కూడా "ఐసులా ఉంది, తాగండి" అనేవాడు. అలా లోకజ్ఞానం అబ్బాక కాకినాడలో ఈ ఆచారవంతుల ఇంటికి చేరాను.

వంటింట్లోకి రానివ్వలేదు. మడి. ముందు గదిలో కిటికీ పక్కన, వచ్చిన ప్రతివారికీ ఇంటి యజమాని కంటే ముందు నేనే కనబడేలా నిలబెట్టారు. నెత్తిన అల్లిక గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ చిలక. తాళంచెవి ఆండాళ్ళమ్మ గారి బొడ్లో. లోపల మంచినీళ్ళ సీసాలు, ఒక నిమ్మకాయ. చలికాలం వస్తే నిమ్మకాయ ఒక్కటే.

తాయారు చేసేది రసాయనశాస్త్రంలో పరిశోధన. గడువు దాటిందని బ్లడ్ బ్యాంకు వాళ్ళు పక్కన పెట్టిన రక్తంలోంచి ఎర్రకణాలు తీసేస్తే మిగిలేది ప్లాస్మా. పలచటి నువ్వులనూనెలా ఉంటుంది. అందులో గ్లోబ్యులిన్, ఆల్బుమిన్ అనే ప్రోటీన్లు కరిగి ఉంటాయి. ఒక రకం ఉప్పు కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే, ఆ ఉప్పు నీళ్ళన్నీ తనవైపు లాక్కుంటుంది. ప్రోటీన్లకు నిలవడానికి చోటుండదు. ముందు గ్లోబ్యులిన్ అలిగి అడుక్కి పోతుంది. ఆల్బుమిన్ అలా కాదు. ఇంకా వెయ్యండి, ఇంకా వెయ్యండి అని చివరిదాకా ఓర్చుకుంటుంది. ఆ ఇంటి కోడలికి ఆల్బుమిన్ మీద ఎందుకంత అభిమానమో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఆల్బుమిన్‌ని తాయారు తెల్లటి ముద్దగా ఎప్పుడో తీసింది. ప్రొఫెసరు గారికి ముద్ద చాలదు. కలకండలా పలుకులు కట్టాలి. ముద్దను మళ్ళీ ఉప్పునీళ్ళలో కరిగించి చల్లని చోట ఉంచితే కడతాయని ఆయన లెక్క. వాల్తేరులో జరిగే సమావేశంలో పెద్దలు ఆ పలుకులు చూస్తేనే ఆమె పరిశోధన సాగుతుంది, లేకపోతే ఆ సీటు ఇంకొకరిది. "పోనీలే, ఇంటిపట్టున హాయిగా ఉందువుగాని" అని వరదాచార్యులు ఓదార్పు ముందుగానే సిద్ధం చేసుకున్నాడు. దూరాలోచన గల భర్త.

సరిగ్గా అప్పుడే కాలేజీలో శీతల యంత్రం పాడైంది. బాగుచేసేవాడు వస్తాడని అందరూ ఎదురుచూస్తున్నారు, వాడు తప్ప. "మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందటగా" అన్నారట ప్రొఫెసరు గారు. అలా తాయారు సీసా తెచ్చి నాలో పెట్టింది, ఆ ఇంట్లో నాకు మొదటిసారి పని దొరికింది.

"ఏవిటే అది, నెయ్యా?" అంది ఆండాళ్ళమ్మ గారు సీసాను చూసి.

"రక్తం అత్తయ్యా. ఎరుపు తీసేశాం."

"ఎవరిదే?"

"తెలీదండీ."

"కులం గోత్రం తెలీని రక్తం తెచ్చి మంచినీళ్ళ పక్కన పెట్టావుటే?"

వరదాచార్యులు పేపరు దించి, "పోనీ ఆ నిమ్మకాయ తీసెయ్యి తాయారూ" అని తన వంతు న్యాయం చెప్పాడు.

మర్నాడు తాయారు కాలేజీకి వెళ్ళగానే నాకు సంప్రోక్షణ జరిగింది. ప్లగ్గు పీకించి, తలుపు బార్లా తీయించి, ఒళ్ళంతా పసుపునీళ్ళు చల్లించారు. సీసాను మాత్రం పట్టకారుతో పట్టుకుని, నడవ చివర పెరటి గట్టు మీద నీరెండలో పెట్టింది ఆండాళ్ళమ్మ గారు. ఎండ తగిలితే మైల పోతుందట.

సాయంత్రం తాయారు ఆ సీసాను చూసి గట్టు పక్కన కూలబడింది. అత్తగారిని ఒక్క మాట అనలేదు. ఆల్బుమిన్ కదా. సీసా ఎత్తి వెలుతురుకు పట్టింది. అందులో సన్నని పలుకులు తళుక్కుమన్నాయి. కలకండలా కాదు, సూదుల్లా.

నమ్మలేక తెచ్చి నాలో పెట్టింది. తెల్లవారేసరికి కరిగి మాయం. మళ్ళీ గట్టు మీద పెట్టింది. మళ్ళీ పలుకులు. లోకంలో చాలా వస్తువులు చల్లారితే గడ్డకడతాయి. ఆ ఉప్పునీళ్ళలో ఈ ఆల్బుమిన్‌ది మాత్రం మనుషుల గుణం, వేడి పుడితేనే ఒకచోట చేరి గడ్డకడుతుంది. తాయారు కొంత తీసి ఒక మందుసీసాలో పోసి అదే గట్టు మీద వేరుగా ఉంచింది. "చూశావా, మడి కట్టించాకే దానికి బుద్ధొచ్చింది" అంది ఆండాళ్ళమ్మ గారు. ఆ వివరణ ఎలా ఉన్నా, అప్పటికి ఇంతకంటే మంచి వివరణ ఎవరి దగ్గరా లేదు.

కబురందగానే ప్రొఫెసరు గారు దిగారు. ఇన్నాళ్ళూ "నీ ముద్ద ఏమైందమ్మా" అని అడిగిన మనిషి, సీసాను చూడగానే "మన పలుకులు" అన్నారు.

"వాల్తేరుకి నేను తీసుకెళ్తా. నీకెందుకమ్మా ఆ ప్రయాణం."

"ఎలా వచ్చాయో చెప్పాలి కదండీ సార్..."

"నేను చెప్తాగా. ఓపిగ్గా చూస్తే వచ్చాయని చెప్తా. అమ్మగారూ, కాస్త ఐసుందా?"

ఆండాళ్ళమ్మ గారి ముఖం విప్పారింది. ఇంటికొచ్చిన పెద్దమనిషి నోరు తెరిచి ఐసు అడగడం అదే మొదలు. బొడ్లోంచి తాళంచెవి తీసింది. "ఎంత కావాలంటే అంత. మా ఫ్రిజ్‌లో ఐసుకేం లోటు." వరదాచార్యులు తపేలా తెచ్చి, సీసా చుట్టూ ఐసు కూరాడు.

"సార్, ఐసొద్దు. చలికి అవి..."

"ప్రోటీనమ్మా ఇది. చల్లగా లేకపోతే పాడవుతుంది. మొదటేడు పిల్లలకి చెప్పే పాఠం."

"సార్‌కి తెలీదా తాయారూ" అన్నాడు వరదాచార్యులు.

"పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేవిటే" అంది ఆండాళ్ళమ్మ గారు.

జీవితంలో నేను మనస్ఫూర్తిగా ఇచ్చిన ఐసు అదొక్కటే. ఇంకా రెండు ముక్కలు అడిగినా ఇచ్చేదాన్ని. వాల్తేరు చేరేసరికి ఆయన ఒళ్ళో ఉండేది పసుప్పచ్చటి నీళ్ళు. పలుకులు చూడాలనుకున్న పెద్దలు చివరికి మందుసీసా ఉన్న ఆ పెరటి గట్టు దగ్గరికే రావాలి, గట్టు పక్కన నిలబడ్డ మనిషిని అడగాలి.

పాపం, తాయారు నాలాంటిది కాదు. కారుదాకా పరిగెత్తింది. అంతవరకు నేనెప్పుడూ విననంత గట్టిగా, "సార్, ఒక్క మాట వినండి, చలికి కరిగిపోతాయి" అంటూ కారులోకి వంగింది.

ఆయన తపేలాను ఒళ్ళో సర్దుకుని, ఆమె మాట మీద తలుపు వేసేశారు.