ముట్టకూడని రోజు

వీరప్ప పానాలను కిరసనాయిలుతో కడిగి, పాత లుంగీ పేలికతో తుడిచి, గూట్లోని అమ్మవారి పటం కింద ఒక్కొక్కటే పేరుస్తున్నాడు. పెద్దవి వెనక, చిన్నవి ముందు. సుత్తె, మరలు తిప్పే పేచ్‌కస్, తీగలు మెలిపెట్టే పక్కడ్ చివరన. అన్నిటికీ పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, దండం పెట్టుకున్నాడు. ఆయుధపూజనాడు బొట్టు పెట్టిన పనిముట్టును పూజ ఎత్తేదాకా ముట్టకూడదు. నారాయణఖేడ్‌లో షెడ్డు పెట్టిన నాటినుంచి ఆ ఒక్కరోజు అతను చేతికి నూనె అంటనివ్వలేదు.

అరవైకి దగ్గరపడ్డాడు. కల్హేర్ నుంచి లారీ క్లీనర్‌గా బయలుదేరి, బండ్ల కింద పడుకుని చేసే పని నేర్చుకున్నాడు. గేర్‌బాక్సులు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. బాగుచేసిన బండిని బస్సు డిపో మలుపుదాకా నడిపి చూసి, తిరిగి తెచ్చి అప్పగించేవాడు. ఆ మలుపు దాటి ఏ బండినీ తన కోసం నడపలేదు.

వాకిట్లో గ్రేసమ్మ ఫియట్ ఒక ముందుచక్రం లేకుండా మొద్దుల మీద ఉంది. ఆమె దవాఖానలో నర్సు. అది పాత డాక్టరమ్మ ఊరు విడిచి పోతూ ఆమెకు ఇచ్చిన బండి. ఆ చక్రం మీది స్ప్రింగ్ విరిగింది. నిన్నంతా పెనుగులాడినా దాని పైకొన తుప్పుతో, అది కూర్చునే ఇనుప గిన్నెలో కరుచుకుని ఊడిరాలేదు. పండుగ అయ్యాక చూద్దామనుకున్నాడు.

పూజ అయిన కాసేపటికే గ్రేసమ్మ ఐసు పెట్టిన ఫ్లాస్కు చంకన పెట్టుకుని వచ్చింది.

"బండి గావాలె వీరప్పా. నాగల్‌గిద్దకు పోవాలె."

"ఇయ్యాల పానా ముట్టద్దు సిస్టరమ్మా. రేపు పొద్దుగాల్నే ఇస్త."

"కిష్టవ్వకు సూదులు నడుస్తున్నయ్ గదా, మధ్యల ఒక్కటి తప్పద్దు. ఆ పిచ్చికుక్క పండుగ చూసుకొని కరిసిందా?"

"జీపుల పోరాదు?"

"జీపులన్నీ దండలేసుకొని కూసున్నయ్. బస్సు పొద్దుగాలే పాయె."

వీరప్ప గూటివైపు చూశాడు. పటంలో అమ్మవారికి చేతినిండా ఆయుధాలే. ఆమె వాటిని ఏ రోజున కింద పెట్టింది? ఆ ఆలోచన వచ్చినందుకు లెంపలు వేసుకున్నాడు.

భార్య నీలమ్మ వంటింట్లోంచి రోకలి తెచ్చి అతని ముందు నిలబెట్టింది.

"ఇగో, దీంతోని కొట్టు. దీనికి బొట్టు పెట్టలే."

"రోకలితోనా?"

"నా సామాన్లకు పండుగెప్పుడొచ్చింది? పొద్దుగాలసంది దంచుతనే ఉన్న."

గ్రేసమ్మ నవ్వింది. "నా డిక్కీల రెండు పానాలున్నయ్. అవి గూడ మీ అమ్మవారిని ఎరగవు."

వీరప్ప చొక్కా విప్పి బండి కింద దూరాడు. స్ప్రింగ్ ఎగిరి మీదికి రాకుండా మోకుతో బండికి కట్టి, ఆడవాళ్లిద్దరినీ గడప అవతలికి పొమ్మన్నాడు. రోకలికి ఇనుప పొన్ను ఉన్న కొనను స్ప్రింగ్ చుట్టకు ఆనించి, రెండో కొన మీద బండరాయితో కొట్టాడు. కదలలేదు. కిరసనాయిలు పోసి, ఆగి, మళ్లీ కొట్టాడు. ఛాతీలో పట్టేసినట్టయితే అరచేత్తో రుద్దుకున్నాడు. తర్వాత బలమంతా పెట్టి కొట్టాడు. స్ప్రింగ్ టంగుమని ఊడి, మోకును ఒక్క గుంజు గుంజి వేలాడింది. రోకలి పైకొన నిలువునా చీలింది.

"పాయె నా రోకలి," అంది నీలమ్మ.

"రేపు కొత్తది చేయిస్త తియ్."

"నీ రేపు సంగతి నాకెర్కనే."

వేరే స్ప్రింగ్ ఎక్కించి, గ్రేసమ్మ పానాలతో బిగించి, చక్రం వేసేసరికి పొద్దు నడినెత్తి దాటింది. "మలుపుదాక నువ్వే నడిపి చూస్కో సిస్టరమ్మా," అని అతను మొద్దు మీద కూర్చుండిపోయాడు. బండి ఏ పక్కకూ ఒరగకుండా పోయింది.

నీలమ్మ పోలెలు పెడితే ఒకటి తిన్నాడు. ఆమె పక్కింటి శంకరమ్మకు కొన్ని ఇచ్చి, మాటల్లో పడి, ఆలస్యంగా తిరిగి వచ్చింది. అతను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పడుకోనీ అనుకుంది.

పొద్దుగూకే వేళ హారన్ మోగింది. "సూది ఇచ్చొచ్చిన వీరప్పా!" అంటూ గ్రేసమ్మ లోపలికి వచ్చింది. అతని మణికట్టు పట్టుకుని చాలాసేపు విడవలేదు. తర్వాత నీలమ్మను దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకుంది.

పండుగనాడు పని చేసినందుకే అన్నారు కొందరు. మంచి రోజున పోయాడన్నారు కొందరు. వాళ్లలో ఎవరికి అమ్మవారు చెప్పిందో నీలమ్మ అడగలేదు.

మైల తీరాక పూజ ఎత్తడానికి ఆమే గూటి ముందు కూర్చుంది. పానాల మీద, సుత్తె మీద బొట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్కడ్ ఒక్కటే వంకరగా పడి ఉంది. దాని పిడి మీది పసుపుకుంకుమలు చెరిగిపోయాయి. కిష్టవ్వ సూది కోసం కూడా వాటిని ముట్టనివాడు దీన్నెందుకు ముట్టాడో ఆమెకు బోధపడలేదు.

పనిముట్లు కట్టడానికి గోనెసంచి కోసం వంటింట్లోకి వెళ్లింది. మైల రోజుల్లో దంపుడు లేక ఇన్నాళ్లూ ఎవరూ చూడని మూలన రోకలి ఆనించి ఉంది. చీలిన చోట సన్నని ఇనుపతీగ వరసగా చుట్టి, బిగించి, అరచేతికి గుచ్చుకోకుండా కొనలు లోపలికి మడిచి ఉన్నాయి. మడిచిన చోట కొంచెం కుంకుమ అంటుకుని ఉంది.