కెటిల్ ఎంత పోస్తే అంత

సాతర్‌కుల్ గారింట్లో పొద్దున్న టీ అంటే పెద్ద తతంగం. భార్య బురుల్ రొట్టెలు తుంచి గుడ్డ మీద పరుస్తుంది. కొడుకు తాలాంత్ మినీబస్సు తాళాలు గలగలలాడిస్తూ నిలబడే తినేస్తాడు. కోడలు ఐనగుల్ ఒక వారగా మోకాళ్ల మీద కూర్చుని అందరికీ టీ పోస్తుంది. పోస్తుంది అనడమే గానీ, ఎంత పోయాలో తేల్చేది ఆమె కాదు, మూత అంచు పగిలిన ఆ తెల్ల పింగాణీ కెటిల్. బురుల్ నాయనమ్మ నాటి నుంచీ దానిది అదే వరస. వంచడం వరకే మనుషుల వంతు.

నరీన్ ఊళ్లో గిన్నెలో టీ ఎంత తక్కువ పోస్తే అంత గౌరవం. ఇంకాసేపు కూర్చోండి, మళ్లీ మళ్లీ పోస్తాం అని దాని అర్థం. అంచు దాకా నింపారంటే తాగి దయచేయమని. ఈ మర్యాదలన్నీ కెటిల్‌కీ తెలుసు. ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికొచ్చి కబుర్లకి దిగిన మనిషికి ప్యాంటు తడిసేదాకా పోసింది. అతను క్షమించమని వెళ్లిపోయాడు.

ఆ అక్టోబరులో కెటిల్‌కి సాతర్‌కుల్ మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. సోమవారం సగం గిన్నె పోసింది. బుధవారానికి పావు. శుక్రవారం అడుగు తడిస్తే గొప్ప. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆయన మీసం దువ్వుకుని, ఈ ఇంట్లో నా విలువ తెలిసింది దీనికొక్కదానికే అన్నాడు.

"తెలిసే ఎండగడుతోంది" అంది బురుల్.

ఐనగుల్‌కి మాత్రం మనసు మనసులో లేదు. కెటిల్ నిండుగా ఉంది, చేతికి బరువు తెలుస్తోంది. వంచితే టీ కొమ్ము దాకా వస్తుంది, మావగారి గిన్నెను చూసి వెనక్కి పోతుంది. గౌరవం ఉన్నవాళ్లు వెనక్కి పోరు, భయపడ్డవాళ్లే పోతారు. అడుగుదామంటే నోరెట్లా వస్తుంది? కోడలు మావగారి పేరు పలకకూడదు. తొమ్మిదేళ్లలో ఆ పేరు ఆమె నోట ఒక్కసారీ రాలేదు.

ఊరికీ స్థిమితం లేదు. బస్టాండు వెనక తిరిగే కుక్కల్లో ఒకటి పక్కవీధి దూడను కరిచింది. ఆ దూడ నురగలు కక్కుతూ గోడకు తల బాదుకుని చచ్చింది. కుక్కల్ని చంపడానికి మంగళవారం తుపాకులు వస్తాయని చెప్పుకుంటున్నారు. ఆ కుక్కలకి రోజూ రొట్టె ముక్కలు పెట్టేది సాతర్‌కులే. అవి పిచ్చివి కావు, నాకు తెలుసు అని ఇంటింటికీ తిరిగి చెప్పాడు.

శనివారం వియ్యాలవారు వచ్చారు. ఐనగుల్ కొమ్ముచెంబుతో అందరి చేతుల మీదా నీళ్లు పోసింది. మావగారు ఎడమచెయ్యి ఒక్కటే చాపాడు. తర్వాత ఆయన గిన్నె మీద కెటిల్ వంచింది. ఇంకా వంచింది. మూత ఊడి కింద పడింది గానీ చుక్క రాలలేదు.

ఇంత గౌరవం మా నాన్నకి కూడా దక్కలేదని వియ్యంకుడు మెచ్చుకున్నాడు. అందరూ నవ్వారు. ఐనగుల్ కెటిల్ పక్కనపెట్టి, మావగారి కుడిచెయ్యి పట్టుకుని, చొక్కా చేతిని మోచేతి దాకా లాగింది. మణికట్టు మీద నాలుగు పంటిగాట్లు. వాటి మీద నల్లటి బూడిద.

"ఎప్పుడు మావయ్యా?"

"అది కరవలేదమ్మా. రొట్టె అనుకుని పట్టుకుంది."

"ఎప్పుడు?"

"ఆదివారం. దాని వెంట్రుకలే కాల్చి పెట్టాను. మా అమ్మ అట్లానే పెట్టేది. చెబితే కుక్కలన్నిటినీ తుపాకులతో కాల్చేస్తారు కదా."

"ఆ కుక్క ఏది ఇప్పుడు?"

ఆయన తల దించుకున్నాడు. "గురువారం కాలవలో చచ్చి పడుంది."

తాలాంత్ అప్పటికే బస్సు స్టార్ట్ చేశాడు.

ఆసుపత్రిలో కిటికీ వెనక నర్సు పేరు అడిగింది. సాతర్‌కుల్ గోడ వైపు చూస్తూ బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డాడు. తాలాంత్ బస్సు నిలబెట్టి ఇంకా రాలేదు. తను నోరు విప్పకపోతే కోడలూ విప్పలేదని ముసలాయన ధీమా. నర్సు రెండోసారి అడిగి, వెనకున్నవాళ్లని రమ్మంది.

"సాతర్‌కుల్" అంది ఐనగుల్, వరండా అంతా వినబడేలా.

ఆయన చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు. ఆమె ముఖం కందిపోయింది గానీ కిటికీ ముందు నుంచి కదల్లేదు. కాసేపటికి ఆయనే చొక్కా చేతిని మడుచుకున్నాడు.

నర్సు బూడిదంతా పోయేదాకా పావుగంట సబ్బుతో కడిగించింది, కడిగినంతసేపూ తిట్టింది. గాటు చుట్టూ మందు పొడిచి, భుజానికి టీకా వేసి, ఇది మొదటి సూది, ఇంకా నాలుగున్నాయి, ఒక్కటీ తప్పకూడదంది. జబ్బు పైకి వచ్చి నీళ్లు మింగుడుపడకుండా అయ్యిందంటే ఎవరూ ఏమీ చెయ్యలేరంది. ఆ కుక్క ఇంకెవరినైనా పట్టిందా అని అడిగితే, సాతర్‌కుల్ చాలాసేపు ఆలోచించి, బస్టాండులో రొట్టెలమ్మే ఆవిడకి కాలు గీరుకుందన్నాడు. సాయంత్రంలోపు తనే వెళ్లి ఆవిణ్ణి తీసుకొచ్చాడు.

మంగళవారం తుపాకులు వచ్చాయి. తొమ్మిది కుక్కలు పోయాయి, అయిదు ఏటి గట్టుకి పారిపోయాయి. సాతర్‌కుల్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పద్నాలుగో రోజున నాలుగో సూదికి లేపితే, నాకే సూదీ వద్దు, ఏమైతే అది కానీ అన్నాడు. ఐనగుల్ ఖాళీ గిన్నె ఆయన ముందు పెట్టి కెటిల్ వంచింది. చుక్క రాలేదు. ఆయన గిన్నెలోకి చూసి, లేచి, ఉన్ని టోపీ పెట్టుకున్నాడు.

నెలంతా కెటిల్ ఆయనకి ఏమీ పోయలేదు. ఆయన కుళాయి నీళ్లే తాగాడు. తాగినప్పుడల్లా ఇంటిల్లిపాదీ ఆయన గొంతు కేసి చూశారు. దిగింది అనుకుని ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ పూటకి మళ్లీ భయం.

ఇరవై ఎనిమిదో రోజున అయిదో సూది అయింది. మర్నాడు పొద్దున్న ఐనగుల్ కెటిల్ వంచింది. టీ పడింది. సగం దాటింది, ముప్పావు దాటింది, అంచుకు చేరి నిలబడింది.



"పొమ్మంటోంది" అంది బురుల్. తలగుడ్డ అంచుతో కళ్లు ఒత్తుకుంది.

సాతర్‌కుల్ ఆ గిన్నెను రెండు చేతులా ఎత్తి, చుక్క ఒలకకుండా, ఆపకుండా తాగాడు. తర్వాత రొట్టె ముక్కల సంచీ భుజాన వేసుకున్నాడు. ఏటి గట్టున పశువుల డాక్టరు రెండు రోజులుగా పిచ్చి రాకుండా వేసే సూదులు పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ అయిదు కుక్కలూ ఎవరి చేతికీ రావడం లేదు.

"ఈసారి చెయ్యి జాగ్రత్త మావయ్యా" అంది ఐనగుల్.

"పేరు పెట్టి చెప్పమ్మా, అప్పుడు వింటాను" అన్నాడాయన. గుమ్మంలో తోలు గ్లవ్‌లు తొడుక్కుని, వెళ్లొస్తానని వెళ్లాడు.