లాలాపేట్ నుంచి వచ్చిన దర్వాజ

మా ఆయన మీద నాకొక్కటే ఫిర్యాదు. ఆయన ఇంట్లో ఉండరు. ఉన్నా మనసు వర్షారణ్యాల్లో ఉంటుంది. శశిభూషణ్ గారు యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్తారు. ఎవరైనా కట్టె ముక్క తెస్తే అది ఏ చెట్టుదో చూసి చెప్తారు. వందల ఏళ్ల చెట్లను నరికి అమ్ముకునేవాళ్ల మీద సభల్లో గంటలకొద్దీ మాట్లాడతారు. ఇంట్లో నాతో మాట్లాడేది మాత్రం ఉప్పు తక్కువైనప్పుడే. అందుకే అప్పుడప్పుడూ తక్కువ వేస్తుంటాను. మిగతా పొద్దంతా నేను, కుక్కర్, పక్కింటి వాళ్ల కుక్క.

ఈ ఏడు తార్నాకలోని మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నాం. దర్వాజ, అంటే గుమ్మం, నిలబెట్టడానికి ఊళ్లో ఉండే మా అత్తమ్మ ప్రమీలమ్మ గురువారం ముహూర్తం పెట్టించింది. అది దాటితే మళ్లీ శ్రావణంలోనేనట. ఆ తొందరలో మా ఆయన లాలాపేట్‌లోని కట్టెల అడితికి ఫోన్ చేసి మలేషియా కట్టెతో దర్వాజ చేయించారు. లోపలి తలుపులు, కిటికీలు కూడా అదే కట్టెతో చేయాలో వద్దో బుధవారం సాయంత్రంలోగా చెప్పాలి.

దర్వాజ వచ్చింది. గడప రెండు జానల వెడల్పు, ఎక్కడా అతుకు లేదు.

"ఇంత పలక రావాలంటే ఎంత చెట్టు కావాలె?" అన్నాను.

"తోటల పెంచిన కట్టెనట. అడితి సేటు చెప్పిండు."

"మీరు చూసిన్రా?"

"స్వరూపా, నువ్వు చదివింది బీఏ హిస్టరీ. కట్టె సంగతి నాకిడిచిపెట్టు."

విడిచిపెట్టాను. బుధవారం మధ్యాహ్నం వడ్రంగి గడప కొసన కోసి పడేసిన ముక్కను పాత పేపర్లో చుట్టుకుని క్యాంపస్‌కు నడిచాను. ఎండకు రోడ్డంతా ఖాళీ. పెళ్లయ్యాక ఆయన గదికి ఒక్కసారే వెళ్లాను, అదీ ఆయన టిఫిన్ డబ్బా మర్చిపోతే. గది ముందు వరండాలో కట్టె ముక్కలతో ఇద్దరు కూర్చున్నారు. వాళ్ల వెనక నేనూ కూర్చున్నాను. ఒక్కొక్కరికి ఆయన ఎంత ఓపికగా చెప్పారో. ఆ గొంతు ఇంట్లో విని చాలా కాలమైంది.

నా వంతు రాగానే లోపలికి వెళ్లాను. తల ఎత్తకుండానే చెయ్యి చాపారు. ముక్క చేతిలో పెట్టాను. అంచు చెక్కి, తడిపి, భూతద్దంలోంచి చూశారు.

"ఏడికెళ్లి వచ్చిన్రమ్మా?"

"తార్నాక నుంచి సార్."

గొంతు గుర్తుపట్టలేదు. నేనూ గుర్తుచేయలేదు.

"ఈ తెల్ల గీతలున్నయి చూడండ్రి, ఇవి చెట్టు జిగురు పారే నాళాలు, మాను చుట్టూ గుండ్రంగ తిరుగుతయి. వర్షారణ్యం చెట్టు ఇది. గీత అసలు వంగుతనే లేదు. అంటే మాను అంత లావన్నట్టు, నలుగురు చేతులు కలిపినా అందది. రెండు మూడు వందల ఏండ్లన్నా ఉంటది. తోటల గింత మాను యాడ పెరుగుతది? కొన్నాయనకు కండ్లు లేవా?"

"ఉన్నయి సార్. భూతద్దం గూడ ఉన్నది. ముహూర్తం తొందరల చూడలే."

అప్పుడు తల ఎత్తారు. నన్ను చూశారు, ముక్కను చూశారు, మళ్లీ నన్ను చూశారు. తర్వాత ఫోన్ తీశారు.

"సేటూ, శశిభూషణ్‌ను. దర్వాజ వాపస్ తీస్కపో. మిగిలినయి చెయ్యకు. ముహూర్తం పోతే పోనీ, మా అమ్మకు నేను చెప్పుకుంట."

ఫోన్ పెట్టేసి, "సేటు తోట కట్టె అన్నడని..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తూ ఉన్నాను.

"నేను చూడలే, స్వరూపా," అన్నారు చివరికి. "చూడక, అడిగిన నీ నోరు మూయించిన. తప్పు నాదే."