మడమ లేని పాదం

మహమ్మారికి భయపడి ఊరు ఊరంతా ఇళ్లలో తలుపులేసుకున్న ఆ వసంతంలో, బ్రయిలా పట్నంలో పరస్కీవా అనే పెద్దావిడ పొద్దున్నే కాఫీ కలుపుకుని, సోఫాలో వెనక్కి వాలి పైకప్పు చూసేది. పై వాటాలో ఇలింకా అనే పన్నెండేళ్ల పిల్ల జిమ్నాస్టిక్స్ సాధన చేసేది. జిమ్ మూసేయడంతో కోచ్ డోమ్నికా ఫోన్‌లోనే పాఠాలు చెబుతోంది. పిల్ల సుద్దపొడి రాసుకున్న కాళ్లతో పల్టీ కొట్టి దిగినచోటల్లా, కింద పరస్కీవా పైకప్పు మీద తెల్లటి పాదాల అచ్చులు పడేవి. తెల్లారేసరికి చెరిగిపోయేవి.

అపార్ట్‌మెంట్ పెద్దకి చెబితే, జబ్బు సద్దుమణిగాక సున్నం వేయిద్దాంలెమ్మన్నాడు. ఆవిడకేం తొందర? టీవీలో చావు కబుర్లకన్నా ఇదే నయం. పిల్ల ఇవాళ ఎక్కడ దిగుతుందోనని ఎదురుచూసేది.

ఈస్టర్ దాటాక, ఎడమ పాదానికి వేళ్లే తప్ప మడమ పడకపోవడం గమనించింది. కొత్త విద్య కాబోలనుకుంది. ఎంతకీ మడమ రాలేదు. ఉండబట్టలేక, పైకెళ్లి గుమ్మంలోంచే పిల్ల తల్లిని అడిగింది. తనకేం తెలుసు, కోచ్‌నే అడగండంటూ తల్లి డోమ్నికా ఫోన్ నంబరిచ్చింది.

ఇరుకు గదిలో ఇలింకా తల నుంచి మోకాళ్ల వరకే డోమ్నికాకి ఫోన్‌లో కనబడేది, పాదాలు కనబడేవి కావు. పరస్కీవా చెప్పింది విని, మర్నాడు పాఠం జరుగుతున్నంతసేపూ ఆవిడ చేత ఫోన్ పైకప్పుకేసి పట్టించింది. పడిన ప్రతి అచ్చునీ చూసింది. తర్వాత ఆమె గొంతు పిల్ల ఫోన్‌లో, పై వాటాలోంచి వినబడింది.

"ఇలింకా, ఇక చాలు, కూర్చో. ఎన్నాళ్లనుంచి నొప్పి?"

జూన్‌లో జాతీయ శిబిరానికి ఎంపికలున్నాయని పిల్ల నొప్పి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎముకలో సన్నటి పగులుందన్నాడు డాక్టరు. ఇంకొన్నాళ్లు గెంతితే ఆ కాలు జన్మలో కుదురుకునేది కాదట. శిబిరం చేజారింది. పైకప్పు బోసిపోయింది.

కట్టు కాలితో మెట్ల మీద ఎదురైనప్పుడు ఇలింకా అడగనే అడిగింది. "మీరేగా చెప్పింది?"

"నేనే. మడమ ఏమైందోనని అడిగానమ్మా, అంతే."

పిల్ల మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. చాడీ చెప్పినదానిలా పరస్కీవా చాలా రోజులు కుమిలింది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఇలింకా తలుపు తట్టింది. కట్టు విప్పేశారు. డోమ్నికా పిల్లలందర్నీ సాధనకి నది ఒడ్డు పార్కులో పోగేసిందట.

"ఇన్నాళ్లూ నా పాదాలే చూశారు కదా మామ్మగారూ," అంది ఇలింకా నేలచూపులు చూస్తూ. "మిగతా నన్ను కూడా చూద్దురుగాని, రండి."

పరస్కీవా చెప్పులు వెతుక్కుంది.