మూత బిగుసుకునే మాట

తెల్లారగానే జెనోవియా మాటలన్నీ ఉన్నాయో లేదో చూసుకునేది. దుప్పటి తీయకుండా, కళ్లు మూసుకునే, ఒక్కో ఇంగ్లీషు మాటనీ తలుచుకుని దాని పక్కన తమ రొమేనియన్ మాటని కూర్చోబెట్టేది. వాటర్‌కి అప. డోర్‌కి ఉష. ఓపెన్ దగ్గరికొచ్చి "సె దెస్కిదె" అనుకోగానే వంటింటి కిటికీ తెరుచుకునేది. చల్లగాలి ముఖానికి తగిలాక, ఈ పూటకి ఫర్వాలేదు అనుకుని లేచేది.

డెబ్బై నాలుగేళ్లొచ్చాయి. ఆవిడకి ఇంగ్లీషు ఎవరూ నేర్పలేదు. దోరోహోయ్ గాజు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు గ్లాసులు గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దింది. ఆ పెట్టెల మీద నల్లరంగుతో అచ్చు గుద్దిన అక్షరాలే ఆవిడ ఓనమాలు. ఇటు పైకి, జాగ్రత్త, తడవనివ్వకండి. ఆ తర్వాత అట్టలూడిన నిఘంటువొకటి దొరికింది. దాన్ని చలికాలానికొకసారి చొప్పున మొదట్నించి చివరిదాకా చదివింది.

సరైన మాట పడితే వస్తువు తనంతట తనే పని చేసుకుంటుందన్న సంగతి వీధిలో అందరికీ తెలుసు. తాళం పట్టేసిన సైకిలు తోసుకుంటూ పోస్ట్‌మాన్ వచ్చేవాడు. కూతురి పెళ్లిబట్టలున్న పెట్టె తెరుచుకోవడం లేదని ఎదురింటి వర్వారా దాన్ని ఈడ్చుకొచ్చింది. ఆ రోజు జెనోవియాకి తలనొప్పిగా ఉండి మాట కాస్త అటూ ఇటూగా పడింది. పెట్టె సగమే తెరుచుకుని వారం రోజులు అట్లాగే ఉండిపోయింది. వర్వారా ఆ మాట ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

పక్కింటి దోమ్నికాకి నలభై ఆరేళ్లు, మొగుడు లేడు, బడికెళ్లే పిల్లలిద్దరు. ఇంటి వెనక షెడ్డులో మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి జకుస్కా చేస్తుంది. వంకాయలూ, కారం లేని ఎర్ర మిరపకాయలూ నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, ఉల్లిపాయా టమాటా వేసి నూనెలో గంటలకొద్దీ మగ్గబెట్టి సీసాల్లో పోస్తారు. ఆ శరత్కాలం కొత్త నిబంధన వచ్చింది. మూత యంత్రమే బిగించాలి, చెయ్యి తగలకూడదు. అట్లా అయితేనే దుకాణాలకి అమ్ముకోవడానికి అనుమతి. దోమ్నికా అప్పుచేసి ఇంగ్లండు నుంచి ఒక పాత యంత్రం తెప్పించింది. రెండు వారాల తర్వాత గురువారం అధికారి వచ్చి చూస్తాడు. ఆయన కాదంటే ఆ శనివారం ఇటలీ వెళ్లే వ్యానులో ఆమెకి సీటుంది. రెండేళ్లు ఎవరో ముసలావిడకి సేవ చేయాలి. పిల్లలు అత్తగారి దగ్గర.

యంత్రం వచ్చింది గానీ కదలదే. మీట నొక్కినా ఉలకదు, పలకదు.

"పరాయి దేశం నుంచి వచ్చింది, మన మాట తెలియకపోతే ఎట్లా కదుల్తుంది?" అంది వర్వారా. "ఇటలీ వెళ్లిన మొదటి నెల నేను మాత్రం కదిలానా? గోడకి ఆనుకునే నిలబడ్డాను."

యంత్రంతోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని జెనోవియా ఒళ్లో పెట్టారు. ఆవిడ రోజుకో పేజీ రొమేనియన్‌లోకి తెచ్చి చదివి వినిపిస్తుంటే యంత్రం రోజుకో పని నేర్చుకుంది. "సె ఉంప్లె" అనగానే సీసాలు నిండాయి. "సె ఒప్రెష్తె" అంటే బుద్ధిగా ఆగింది. పది పేజీలు అట్లా సాగాయి.

సోమవారం పొరపాటు జరిగింది. ఆ ఊళ్లో పచ్చడి సీసాలు నింపాక వేడి మెల్లగా దిగాలని బొంతల్లో చుట్టి పడుకోబెడతారు. యాభై శరత్కాలాలుగా సీసాలు నిండాక జెనోవియా నోటివెంట వచ్చే మాట అదే. పుస్తకంలో ఏముందో చూడకుండా, "ఇక కప్పుకుంటుంది" అనేసింది. దోమ్నికా పెళ్లినాటి బొంత మూల మంచం మీద ఉంటే, యంత్రం దాన్ని తన మీదికి లాక్కుని, నిండుగా కప్పుకుని నిద్రపోయింది. మంగళవారం లేవలేదు. బుధవారం పగలంతా లేవలేదు. లోపల్నించి సన్నగా ఆవిరి వస్తుంటే ఆడవాళ్లు చెప్పులు విప్పి మునివేళ్ల మీద తిరిగారు. సాయంత్రం తనకి తనే ఒళ్లు విరుచుకుని లేచింది. అప్పటికి రెండు రోజులు పోయాయి. మూత బిగించే పదకొండో పేజీ మిగిలిపోయింది.

దోమ్నికా ఇంట్లోకి నడిచింది. వెనకాలే పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్లిన జెనోవియాకి మంచం మీద తెరిచిన సూట్‌కేసు కనబడింది. పిల్లల ఫొటో బట్టల మీద పెట్టి ఉంది.

"అమ్మాయ్, నా బుర్రకి చిల్లుపడింది," అంది గుమ్మంలోనే నిలబడి. "రేపు ఇంకెవరినైనా చూసుకో."

"ఇంకెవరున్నారు పెద్దమ్మా? పోస్ట్‌మానా?" అని పుస్తకం తీసుకోకుండానే దోమ్నికా బట్టలు మడతపెట్టుకుంది.

గురువారం పదింటికి అలిస్తార్ అనే అధికారి వచ్చాడు. బక్కపల్చటి మనిషి. అందరి తలలకీ టోపీలున్నాయా, గోళ్లు కత్తిరించుకున్నారా చూశాడు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. జెనోవియా స్టూలు మీద కూర్చుని చదివింది. నలభై సీసాలూ వరసగా నిండాయి. మూతలు వచ్చి సీసాల మీద కూర్చున్నాయి. అలిస్తార్ ఏదో రాసుకున్నాడు.

పదకొండో పేజీ తిప్పింది. టైటెన్ అని ఉంది. పెట్టెమీద అచ్చు గుద్దినట్టు స్పష్టంగా కనిపిస్తోంది. దాని అర్థం తెలుసు. దాని పక్కన కూర్చోవలసిన తమ మాటే లేదు. ఇంగ్లీషు మాటలు పోతాయని ఇన్నేళ్లూ భయపడింది. పోయింది అమ్మ నేర్పిన మాట. పొద్దున్నే తలగుడ్డ కట్టుకుంటూ అమ్మ అనే మాట, తనూ వెయ్యిసార్లు అన్న మాట. చోటు మాత్రం తెలుస్తోంది, పన్ను ఊడిన చోటు నాలుకకి తెలిసినట్టు.

సీసాల మీద ఆవిరి పల్చబడుతోంది. వేడి దిగితే మూత పట్టదు. వర్వారా గడియారం వైపు చూసింది. దోమ్నికా చూడలేదు, కళ్లు సీసాల మీదే ఉన్నాయి.

జెనోవియా కళ్లు మూసుకోబోయి ఆగిపోయింది. ఎప్పుడూ ఒంటరిగా, దుప్పటికింద వెతుక్కునేది. ఎవరికీ తెలియనిచ్చేది కాదు. ఇప్పుడు అందరి ఎదుటా, అధికారి ఎదుటా నోరు తెరిచింది.

"మర్చిపోయాను," అంది. "అర్థం తెలుసు, మాట రావడంలేదు. దోమ్నికా, ఇటు చూడవే, నా చెయ్యి చూడు."

గాల్లో ఒక మూత పట్టుకున్నట్టు చెయ్యి తిప్పింది.

"తిరుగుతుంది," అంది దోమ్నికా వెంటనే. అంతే, నలభై సీసాలూ ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలెట్టాయి. అలిస్తార్ కాగితాలు ఎత్తి పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కాదే. తిరిగి తిరిగి చివరికి ఏమవుతుంది? ఇక కదలదు చూడూ." జెనోవియా వేళ్లన్నీ లోపలికి ముడిచి పిడికిలి చేసింది. ముసలి చెయ్యి, కణుపులు తెల్లబడేదాకా ముడిచింది.

దోమ్నికా ఆ పిడికిలిని చూసింది. ఆమె పెదవులు ఒకసారి కదిలాయి, మెల్లగా, రుచి చూస్తున్నట్టు.

"సె స్త్రింజె," అంది. బిగుసుకుంటుంది.

"అదే!" అంది జెనోవియా.

సీసాలు నిలబడ్డాయి. నలభై మూతలూ ఒక్కసారి మెలి తిరిగి బిగుసుకున్నాయి. తర్వాత ఒక్కొక్క మూత నడిమధ్య లోపలికి దిగుతూ టప్ టప్‌మని షెడ్డు ఆ మూలనుంచి ఈ మూలదాకా చప్పట్లు కొట్టినట్టు వినిపించింది. అలిస్తార్ ఒక సీసా తీసి తలకిందులు చేసి పట్టుకున్నాడు. చుక్క కారలేదు. ఇంకొకటి తీశాడు. ఏడు సీసాలు అట్లా చూసి కూర్చున్నాడు.

నడిపే విధానం అన్నచోట ఆయన "చదివి వినిపించాలి" అని రాశాడు. నడిపేవారి పేరు దగ్గర కలం ఆపాడు.

"జెనోవియా ప్రికోప్, దోమ్నికా రుసు," అంది దోమ్నికా.

"ఒక్క గీతే ఉందమ్మా ఇక్కడ. ఒక్కరి పేరే పడుతుంది."

"సన్నగా రాయండి," అంది. "ఒక్కరివల్ల అయ్యే పనా ఇది, మీరే చూశారుగా."

ఆయన కలం మార్చి, సన్నగా రాసి, ముద్ర కొట్టాడు. వెళ్తూ వెళ్తూ రొట్టె ముక్క మీద జకుస్కా పెట్టి ఇస్తే నిలబడే తిని, ఇంకో ముక్క అడిగాడు.

ఆయన కారు మలుపు తిరగకముందే దోమ్నికా వ్యాను డ్రైవరుకి ఫోను చేసింది. శనివారం సీటు ఇంకెవరికైనా ఇచ్చేయమంది. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు కాబోలు.

"బ్రహ్మాండంగా ఉన్నాను. పని దొరికిందన్నా, ఇక్కడే," అని పెట్టేసి, టోపీ తీసి ముఖం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. వర్వారా ఆమె వీపు మీద ఒక్కటి చరిచి, మిరపకాయల గంప దగ్గరికి తోసింది.

జెనోవియా పుస్తకంతో స్టూలు మీదే ఉంది.

"వచ్చినాయన పేరేమిటే?" అని అడిగింది.

"అలిస్తార్, పెద్దమ్మా."

"ఆ, అలిస్తార్. రేపు మళ్లీ అడుగుతాను."

"అడుగు," అంది దోమ్నికా, స్టూలు పక్కన బోర్లించిన గంప మీద కూర్చుంటూ.

జెనోవియా చూపుడువేలు నాలుకకి తాకించి పన్నెండో పేజీ తిప్పింది.