చిల్లు బకెట్

ఇలా రావే చిట్టీ, ఇంకాస్త దగ్గరికి జరుగు. మీ తాతకి చెముడే గాని, తుపాకీ మాట వస్తే మాత్రం వీధి చివర ఉన్నా వినిపిస్తుంది.

గోడ మీదున్న ఆ రైఫిల్‌ని మనింట్లో ఎవరూ తుపాకీ అనరు. 'పెద్దాయన' అంటారు. మీ తాతకి తాతైన ఆయన వేటకని కొన్నాడు. ఏం కొట్టాడో ఎవరూ చూడలేదు. చూశామని చెప్పేవాళ్ళు మాత్రం బోలెడంతమంది. ఆదివారం వస్తే చాలు, మీ తాత దాన్ని దించి ఒళ్ళో పడుకోబెట్టుకుంటాడు. గొట్టానికి నూనె పట్టించి, కర్రకి మైనం రుద్ది, చంటిపిల్లాణ్ణి చూసినట్టు మురిసిపోతాడు. నా మోకాళ్ళకి ఏనాడైనా చుక్క నూనె రాశాడా అని మాత్రం అడక్కు.

మీ అమ్మ కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో, "పెద్దాయనకి నూనె రాసే వేళయింది, గిన్నె పట్రా" అన్నాను. పాపం, పిచ్చిది, నూనె గోరువెచ్చగా కాచి తెచ్చి మామగారి నడినెత్తిన పోసేసింది! ఆయన విసుక్కోలేదు. "పెద్దాయన కంటే ముందు నన్ను తలుచుకుంది నువ్వొక్కదానివేనమ్మాయ్" అన్నాడు.

పెద్దాయనతో పాటు ఓ రేకు డబ్బాలో మూడు తూటాలు వచ్చాయి. అవసరానికి దాచుకోమని, దాన్ని కొన్న ఆ ముసలాయన కొడుక్కి చెప్పాడు, ఆ కొడుకు మీ తాతకి చెప్పాడు. ఆ అవసరం ఎవరికీ రాలేదు. అందరూ దాచారు, ఒక్కరూ పేల్చలేదు.

కిందటేడు మీ తాతకి చెయ్యి వణకడం మొదలైంది. ఓ పొద్దున్న నా పక్కన కూలబడి, "ఏమే, వచ్చే ఏటికి దీన్ని ఎత్తలేను. అబ్బాయికి అప్పజెప్పేలోపు ఒక్కసారి పేల్చాలి. లేకపోతే వేటగాళ్ళింట్లో పుట్టి, నూనె రాసేవాడిగా పోయినట్టే" అన్నాడు. వేళాకోళం ఆడబోయాను. ఆయన మొహం చూసి, "సరే, కానివ్వండి" అన్నాను.

"గురికి మంచి బకెట్ ఒకటివ్వు" అన్నాడు. మంచి బకెట్ ఎవరిస్తారే? పక్కన చిల్లుపడి కారుతోందని మూలన పడేసిన రేకు బకెట్ ఇచ్చాను. పెరటి చివర మట్టిదిబ్బకి ఆనించి పెట్టాడు.

మీ నాన్న, మీ అమ్మ, నేను, పక్కింటి టైలరు వరసగా నిలబడి, చెవుల్లో దూది కుక్కుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాం. ఎంతకీ ఏమీ తెలియకపోతే మెల్లిగా తెరిచాను. మీ తాత అప్పటికే బకెట్ దగ్గరున్నాడు, చిల్లులో వేలు పెట్టి తిప్పుతున్నాడు.

"తగిలింది!"

టైలరు చప్పట్లు కొట్టాడు. "అబ్బబ్బ, ఏం మోత బాబాయ్! చెవులు గింగురుమన్నాయి!"

"భుజానికి దెబ్బన్నదే తెలీలేదురా. మా పెద్దాయన బహు మెత్తనివాడు."

మీ అమ్మ నా చెవిలో దూది లాగింది. "అత్తయ్యా, మీకు వినిపించిందా?"

"దూది పెట్టుకున్నా కదే."

"నేనూ పెట్టుకున్నా. కానీ ఆ బకెట్..."

"నోరు మూసుకుని మీ మామగారికి మంచినీళ్ళు పట్రా."

అదిగో, ఆ బకెట్టే ఇప్పుడు పెద్దాయన పక్కన వేలాడుతోంది. ఆదివారం దానికీ నూనే. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళచేతా చిల్లులో వేలు పెట్టిస్తాడు. తూటా దెబ్బకి అంత తుప్పేమిటని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

మొన్న దుమ్ము దులుపుతూ ఆ రేకు డబ్బా తెరిచాను. మూడు తూటాలూ ఉన్నాయి. ఒకదాని అడుగున మాత్రం, ట్రిగ్గరు నొక్కితే లోపలి సూది పొడిచే చోట, మేకుతో పొడిచినట్టు చిన్న నొక్కు. పెద్దాయన్నీ, ఆ డబ్బానీ మీ తాత తప్ప ఇంకెవరూ ముట్టుకోరు. మూత పెట్టేశాను.

ఆ సాయంత్రం ఎవరో వస్తే మళ్ళీ అదే కథ. నూనె రాస్తూ రాస్తూ నావైపు తిరిగి, "ఏమే, ఆ మోత నువ్వు విన్నావుగా?" అన్నాడు.

"వినకేం, ఇంకా చెవిలో మోగుతూనే ఉంది" అన్నాను.

ఆయన ఏమనుకున్నాడో ఏమో, నూనె గిన్నె నా మోకాళ్ళ దగ్గరికి జరిపాడు.

గుర్తుపెట్టుకో చిట్టీ. రేపు నీ పిల్లలకి చెప్పేటప్పుడు ఆ మోత గట్టిగా చెప్పు, వాళ్ళు చెవులు మూసుకోవాలి. డబ్బా సంగతి మాత్రం, చెవిలో చెప్పు.